గోపురానికి కోట్లు, వాన గొట్టానికి చిల్లర

పది పౌండ్ల గురించి ఒక స్నేహితుడితో మాటలు ఆగిపోయాయంటే నమ్ముతారా? నమ్మండి. ఇవాళ్టికి రెండు వారాలు.

నేనుండేది ఇంగ్లాండులో ఒక చిన్న ఊళ్ళో. ఆఫీసున్న టౌన్లో అద్దెలు కట్టలేక ఇక్కడికొచ్చి పడ్డాను. ఊళ్ళో ఒక పబ్బు, ఒక బడి, గంటకో బస్సు (వస్తే), అన్నిటికీ మధ్యలో ఒక పాత రాతి చర్చి. పదమూడో శతాబ్దంలో మొదలుపెట్టారట. దాని గేటు పక్కన ఒక చెక్క బోర్డు మీద థర్మామీటరు బొమ్మ వేసి పెట్టారు, మనం జ్వరం చూసుకునేదే. చందాలు వచ్చినకొద్దీ దాంట్లో ఎర్ర రంగు పైకి పూస్తుంటారు. పైకప్పు బాగుచేయడానికి కావాల్సింది 1,80,000 పౌండ్లు. నేనొచ్చిన ఈ మూడేళ్ళలో ఎర్ర రంగు మోకాలు దాటలేదు.

ప్రతి శనివారం పొద్దున చర్చి లోపలే కాఫీ, కేకులు అమ్ముతారు. కేకులు చేసేది డెబ్బై దాటిన అమ్మమ్మలు. లెక్కలు రాసేది రిటైరైపోయిన ఒక లెక్కల మాస్టారు. మొన్న మా ఫ్రెండు ఒకడు వీకెండుకి వస్తే అక్కడికే తీసుకెళ్ళాను. కేకు తిన్నాం, కాఫీ తాగాం. వచ్చేటప్పుడు డబ్బాలో పది పౌండ్ల నోటు వేశాను. గేటు దాటామో లేదో వాడు మొదలెట్టాడు.

"మావా, నీకేమన్నా తిక్కా? చర్చికి చందా ఏంట్రా? వీళ్ళు మనల్ని రెండొందల ఏళ్ళు దోచుకున్నది చాల్లేదా? పైగా లోపల పదిహేను మంది కూడా లేరు. ఇంత డబ్బున్న దేశం, ఆ మాత్రం రేకులు గవర్నమెంటు వేయించుకోలేదా?"

వాడికి అప్పుడు సరిగ్గా సమాధానం చెప్పలేకపోయాను. గొంతు పెంచాను, వాడూ పెంచాడు, సాయంత్రం ఉండాల్సిన వాడు మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయాడు. కోపం తగ్గాక కూర్చుని ఆలోచించి రాస్తున్నదే ఇది. వాడి ప్రశ్నలు పనికిమాలినవి కావు, అందుకే ఇంత పొడుగు.

ముందు ఆఖరి ప్రశ్న. గవర్నమెంటు వేయించదా?

వేయించదు బాబూ. ఇది ఇక్కడ పుట్టి పెరిగిన వాళ్ళలోనే చాలామందికి తెలియదు. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ అంటే రాజుగారి మతం కదా, ఖజానాలోంచి డబ్బులొస్తాయి అనుకుంటారు. ఇంగ్లాండులో ఆ శాఖ చర్చిలు దాదాపు 16,000 ఉన్నాయి. అందులో 12,000 పైచిలుకు కట్టడాలకు చట్టపరమైన రక్షణ ఉంది. మొత్తం దేశంలో అత్యున్నత శ్రేణి, అంటే గ్రేడ్ వన్ కట్టడాల్లో సుమారు 45 శాతం ఈ చర్చిలే. ఇంత వారసత్వాన్ని నెత్తిన మోసేది ఎవరంటే ప్రతి ఊళ్ళోనూ పదిమంది ఉండే ఒక కౌన్సిలు. పారిష్ కౌన్సిలు అనుకోండి. మన కేకుల అమ్మమ్మలూ, లెక్కల మాస్టారూ అన్నమాట. మా ఊరి పాదిరీగారు (ఆవిడని వికార్ అంటారు) ఒక్కరే ఆరు ఊళ్ళ చర్చిలు చూసుకుంటున్నారు.

ఒకప్పుడు ఇలా లేదు. 1868 దాకా 'చర్చ్ రేట్' అని ఒక పన్నుండేది. ఊళ్ళో ఇల్లూ పొలం ఉన్నవాడు ఆ చర్చి గడప తొక్కినా తొక్కకపోయినా కట్టాల్సిందే. వేరే శాఖల క్రైస్తవులు "మా ప్రార్థనా మందిరం మేమే కట్టుకుంటున్నాం, మీదానికి కూడా మేమే కట్టాలా?" అని దశాబ్దాలపాటు కొట్లాడారు. న్యాయమైన గొడవే. 1868లో ఆ నిర్బంధం ఎత్తేశారు. పన్నయితే పోయింది. వాన మాత్రం పోలేదు కదా!

పక్కనున్న ఫ్రాన్సు వేరే దారి పట్టింది. 1905 నాటి చట్టంతో మతాన్నీ రాజ్యాన్నీ విడదీశారు. అయితే అప్పటికే ఉన్న పాత కథీడ్రళ్ళు ప్రభుత్వానివి అయ్యాయి, ఊరి చర్చిలు ఆ ఊరి మునిసిపాలిటీవి. తమాషా చూడండి. మతాన్ని పక్కన పెట్టిన దేశం చర్చి కప్పుల బాధ్యత నెత్తిన వేసుకుంది. రాజే చర్చికి అధిపతిగా ఉన్న దేశం అమ్మమ్మల మీద వదిలేసింది.

వదిలేస్తే వదిలేసింది, పైనుంచి పన్ను కూడా వసూలు చేస్తుంది! ఇక్కడ కొత్త ఇల్లు కడితే వ్యాట్ సున్నా. ఏదైనా ధార్మిక సంస్థ కొత్తగా గుడో, మసీదో, చర్చో కట్టుకున్నా సున్నాయే. ఏడొందల ఏళ్ళనాటి కప్పుకి మాట్లు వేస్తే మాత్రం 20 శాతం. అంటే కొత్తది కట్టేవాడికి దండ, ఉన్నది కాపాడేవాడికి జరిమానా.

ఇది మరీ అన్యాయమని తోచి 2001లో ఒక పథకం పెట్టారు. రక్షిత ప్రార్థనా స్థలాలకి (ఏ మతానివైనా సరే) మరమ్మతు మీద కట్టిన వ్యాట్‌ని గ్రాంటుగా తిరిగిచ్చేవారు. బాగానే నడిచింది. 2025 జనవరిలో దానికి కత్తెర వేశారు. ఒక్కో చోటికి ఏడాదికి 25,000 పౌండ్లకు మించి ఇవ్వబోమన్నారు. మొత్తం బడ్జెట్టు 4 కోట్ల 20 లక్షల పౌండ్ల నుంచి 2 కోట్ల 30 లక్షలకి దించారు. అదీ 2026 మార్చి వరకేనన్నారు.

మా ఊరి లెక్క వేసి చూపిస్తాను, లెక్కల మాస్టారు చెప్పినదే. పని ఖర్చు 1,80,000. దాని మీద వ్యాట్ 36,000. ఆ ఏడాదే పని మొత్తం చేయించి ఉంటే వెనక్కొచ్చేది 25,000. మిగిలిన 11,000 చేతి నుంచి పడాలి. కేకు ముక్క రెండున్నర పౌండ్లు. అంటే 4,400 ముక్కలు. ఆ ముక్కలతో ఒక్క రేకు కూడా పైకెక్కదు, అది వట్టి పన్ను! డెబ్బై ఏళ్ళావిడ వంటింట్లో నిలబడి ఖజానాకి కేకులు చేస్తోందన్నమాట. నేను పన్ను కట్టే ఉద్యోగిని కాబట్టి, ఒక కాగితం మీద సంతకం పెడితే నా పది పౌండ్లకి ప్రభుత్వం రెండున్నర కలుపుతుంది. ఒక చేత్తో అరటిపండు, ఇంకో చేత్తో మొట్టికాయ.

సరే, ప్రభుత్వాల్ని తిట్టడం తేలిక. ఇప్పుడు మనల్ని, అంటే చందాలిచ్చే వాళ్ళని తిడతాను.

2019 ఏప్రిల్ 15న పారిస్‌లో నోత్రదామ్ తగలబడటం మనందరం టీవీల్లో చూశాం. నేనప్పుడు ఇంజనీరింగు చదువుతున్నా, హాస్టల్లో అందరం ఫోన్లు పట్టుకుని నోళ్ళు తెరుచుకుని చూశాం. కొద్ది రోజుల్లోనే కోటీశ్వరులు పోటీలు పడ్డారు. చివరికి 80 కోట్ల యూరోలకు పైగా పోగైంది. 2024 డిసెంబరులో మళ్ళీ తెరిచారు. మంచిదే. కానీ దానికి ముందు సంగతి తెలుసా? 2017లోనే ఆ చర్చి వాళ్ళు "రాళ్ళు రాలిపోతున్నాయి మహాప్రభో, 10 కోట్ల యూరోలు కావాలి" అని జోలె పట్టారు. అప్పటికి ప్రభుత్వం ఏడాదికి ఇస్తున్నది 20 లక్షల యూరోలు. అప్పుడెవరూ పోటీలు పడలేదు. విరిగిన రాతి బొమ్మల్ని ఫోటో తీసి చూపించినా పడలేదు. మంటలు కనిపించాక పర్సులు తెరుచుకున్నాయి.

మనదీ అంతే. శ్రీకాళహస్తి రాజగోపురం శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించాడు. పగుళ్ళు ముందునుంచీ కళ్ళకి కనిపిస్తూనే ఉన్నాయి. 2010 మే 26 రాత్రి కూలిపోయింది. ఐదొందల ఏళ్ళకి ఆరేళ్ళు తక్కువ. ఆ తర్వాత కొత్త గోపురం లేచింది, 2017లో కుంభాభిషేకం కూడా జరిగింది. కొత్తది ఎంత గొప్పగా ఉన్నా అది రాయలు కట్టించింది కాదు. అది కోట్లు పెట్టినా రాదు.

నా ఏడుపంతా ఇదే. కూలినదానికి డబ్బులొస్తాయి, కారుతున్నదానికి రావు. నిప్పుకి ఇస్తారు, చినుక్కి ఇవ్వరు. ఇంతకీ పాత కట్టడాల్ని ఎక్కువగా చంపేది ఆ చినుకే. చెత్త అడ్డుపడిన వాన గొట్టం, విరిగిన పెంకు, గోడ మొదట్లో నిలిచిన నీళ్ళు. మా ఊరి చర్చికి వచ్చిన రోగమూ అంతే. ఒక రాత్రి దొంగలొచ్చి ఉత్తరం వైపు కప్పు మీది సీసం రేకులు ఒలుచుకుపోయారు. (సీసానికి పాత సామాన్ల కొట్లో మంచి ధర. ఈ దొంగతనాల ధాటికే 2012లో ఇక్కడ పాత ఇనుము, లోహాలు నగదుకి కొనడాన్ని చట్టంతో నిషేధించారు.) పైన టార్పాలిన్ కప్పారు. గాలికి అది లేచిపోయింది. నీళ్ళు గోడలోకి దిగాయి. దూలాల చివర్లు మెత్తబడ్డాయి. ముందు రేకులకి కావాల్సింది ఇంతలో పదో వంతు కూడా కాదు. కప్పులో గబ్బిలాలు కూడా ఉన్నాయి. వాటికి చట్టం అండ ఉంది కాబట్టి లైసెన్సు లేకుండా కదిలించకూడదు. ఆ సర్వే ఖర్చు వేరే :)

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. మెయింటెనెన్స్ ప్రాజెక్టు అంటే ఎవడైనా ముందుకొస్తాడా? కొత్త ప్రాజెక్టులో ఉన్నవాడికి చప్పట్లు, ప్రమోషన్లు. పదేళ్ళ పాత కోడు పడిపోకుండా రాత్రిళ్ళు కాపలా కాసేవాడి పేరు మేనేజరుకి కూడా గుర్తుండదు, పడిపోయిన రోజు తప్ప. చర్చి అయినా గుడి అయినా కథ ఒకటే. గోపురం మీద పేరు వేయించుకోవచ్చు. వాన గొట్టం మీద ఎవరు వేయించుకుంటారు?

ఇక మావాడి మిగతా ప్రశ్నలు.

"దోచుకున్నారు కదా?" దోచుకున్నారు. ఎవరూ కాదనడం లేదు. ఇక్కడి కొన్ని చర్చిల గోడల మీద కంపెనీ సేవలో డబ్బు గడించినవాళ్ళ పాలరాతి ఫలకాలు నేను స్వయంగా చూశాను. చూస్తే ఒళ్ళు మండింది కూడా. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ ఆస్తులు చూసే చర్చ్ కమిషనర్లే, తమ పాత నిధి ఒకటి బానిస వ్యాపారం చేసిన కంపెనీలో పెట్టుబడి పెట్టిందని ఒప్పుకుని, 2023 జనవరిలో 10 కోట్ల పౌండ్ల నిధి ప్రకటించారు. అంచేత ఆ చరిత్ర చర్చికి అంటలేదని నేననను. కానీ ఆ ఫలకం ఉంది కాబట్టే కదా నేను చదివాను, నాకు మండింది? కప్పు కూలితే ఫలకమూ పోతుంది, సాక్ష్యమూ పోతుంది. నేరం రాసున్న కాగితాన్ని చెదలకి వదిలేస్తే లాభం ఎవరికి?

ఇంకో మాట. తెలుగువాళ్ళం ఈ విషయంలో మరీ గట్టిగా మాట్లాడలేం. తాళపత్రాలు మన ఇళ్ళ అటకల మీద పురుగులు తింటుంటే, పండితులకి జీతాలిచ్చి, నకళ్ళు రాయించి, పాఠాలు సరిచేయించి, దానికోసం అప్పుల పాలైనవాడు ఎవరు? కంపెనీ ఉద్యోగి సి.పి. బ్రౌన్. వేమన పద్యాల్ని మొదట అచ్చు వేయించినవాడు ఆయనే. "ఇది నా మతం కాదు, నా భాష కాదు, నాకెందుకు?" అని ఆయన అనుకుని ఉంటే మన అల్మారాల్లో ఎన్ని పుస్తకాలు తగ్గేవో. మళ్ళీ కడపలో శిథిలమైన ఆ బ్రౌన్ బంగళా స్థలంలో గ్రంథాలయం లేవాలని జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఊరూరా తిరిగి చందాలు పోగుచేశారు. ఒక ఇంగ్లీషువాడి గుర్తు నిలబెట్టడానికి కడప వాళ్ళిచ్చిన రూపాయలు తప్పయితే నా పది పౌండ్లూ తప్పే.

"ఆ చర్చికి వేల కోట్లున్నాయి కదా?" ఉన్నాయి. కమిషనర్ల దగ్గర 1,000 కోట్ల పౌండ్లకు పైగా నిధి ఉంది. అందులోంచి బిషప్పుల ఖర్చులు, పాత పింఛన్లు, కొత్త మతప్రచార పథకాలు నడుస్తాయి. ఊరి చర్చి కప్పు దగ్గరికొచ్చేసరికి "అది మీ కౌన్సిలు బాధ్యత" అంటారు. ఇక్కడ మాత్రం మావాడిదే రైటు. ఆ పిడికిలి కొంచెం విప్పాలి. కొత్త పథకాలకి దొరికే డబ్బు పాత కప్పుకి ఎందుకు దొరకదు? మళ్ళీ అదే జబ్బు, కొత్తంటే మోజు.

"పదిహేను మంది కోసం ఇంత ఖర్చా?" ఇది అన్నిటికన్నా గట్టి ప్రశ్న. ఆదివారం ప్రార్థనకి వచ్చేది నిజంగానే పదిహేను మంది. కానీ శనివారం కాఫీకి యాభై మంది వస్తారు. మంగళవారం లేనివాళ్ళకి సరుకులు పంచుతారు. బడి పిల్లల క్రిస్మస్ నాటకం అక్కడే. ఊరి చరిత్రంతా ఆ గోడల మీద, ఆ సమాధుల మీద రాసుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన ఊరి కుర్రాళ్ళ పేర్ల జాబితా కూడా. ఊరికి అంతకన్నా పాత ఇల్లు లేదు. ప్రార్థన చేసేవాళ్ళదే అయితే పదిహేను మందిది. నీడన నిలబడేవాళ్ళందరిదీ అయితే నాది కూడా. వానొచ్చినప్పుడు ఆ వరండాలోనే కదా నేను బస్సు కోసం నిలబడేది!

అన్నీ కాపాడటం కుదరదని ఒప్పుకుంటాను. ఏటా కొన్ని మూతపడుతూనే ఉన్నాయి. వాడకంలో లేని మంచి చర్చిల్ని చూసుకోవడానికి 1969లో పెట్టిన ట్రస్టు చేతిలో ఇప్పుడు 350కి పైగా ఉన్నాయి. ఎన్నని తీసుకుంటుంది అదైనా? కొన్ని ఫ్లాట్లయ్యాయి, కొన్ని వేరే మతాలకి వెళ్ళాయి. లెస్టర్‌లో అందమైన జైన మందిరం ఉంది, అది ఒకప్పుడు క్రైస్తవ ప్రార్థనా మందిరమే. అలా చేతులు మారడం చావు కాదు. కానీ ఏది ఉంచాలి, ఏది మార్చాలి అన్నది మనుషులు కూర్చుని తేల్చాలి. గొట్టంలో ఇరుక్కున్న ఆకులు తేల్చకూడదు.

ఇప్పుడు అసలు సంగతి. మావాడికి కూడా చెప్పనిది.

2022లో మా ఊరి (గుంటూరు జిల్లాలే, పేరెందుకు) శివాలయం జీర్ణోద్ధరణ అని కమిటీ వాళ్ళు ఫోను చేశారు. వాట్సాప్‌లో త్రీడీ బొమ్మ పంపారు, ధగధగా మెరిసిపోతోంది. నాకు కొత్తగా ఉద్యోగం వచ్చిన ఊపు. 50,000 రూపాయలు పంపాను. ఒక్కటంటే ఒక్క ప్రశ్న అడగలేదు. ఏం కూలుస్తారు, ఏం ఉంచుతారు, ఎవరు చూస్తున్నారు... ఏమీ.

తర్వాతి ఏడు సెలవుకి వెళ్ళాను. రాతి ముఖమండపం లేదు. దాని జాగాలో ఆర్సీసీ స్లాబు, కింద టైల్సు, స్తంభాలకి బంగారు రంగు. గర్భగుడి బయటి రాయికి నిగనిగలాడే ఆయిల్ పెయింటు. మండపం కుడివైపు రెండో స్తంభం మీద పాత అక్షరాలుండేవి. చిన్నప్పుడు ప్రసాదం కోసం నిలబడ్డప్పుడల్లా వాటిని వేలితో తడిమేవాణ్ణి. చదవడం రాదు, చేతికి మాత్రం ప్రతి గీతా తెలుసు. ఆ స్తంభం ఏమైందని అడిగాను. జేసీబీ పెట్టి ఒక్క రోజులో తీసేశారట. రాళ్ళు కొన్ని చెరువు గట్టుకి, కొన్ని రోడ్డు పల్లానికి. కూల్చేముందు ఆ అక్షరాల మీద కాగితం అద్ది అచ్చు తీయాలని ఎవరికీ తోచలేదు. మంచివాళ్ళే అందరూ. ఒక్క పైసా తినలేదు, లెక్కలు పక్కాగా చూపించారు.

మా నాయనమ్మ కొత్త టైల్సు మీద జారిపోతానని గోడ పట్టుకుని నడుస్తూ, "ఆనుకోడానికి ఒక్క రాయి ఉంచలేదురా" అంది. సరిగ్గా ఆ స్తంభం ఉన్న చోట ఇప్పుడు నల్ల గ్రానైటు పలక ఉంది. దాని మీద దాతల పేర్లు. ఏడో వరసలో నా పేరు, పక్కన 'యూకే' అని.

నా యాభై వేలు దాన్ని నిలబెట్టలేదు, కూల్చింది. చందా అనేది దానంతటదే పుణ్యం కాదని నాకు అప్పుడు తెలిసింది. ఆ పది పౌండ్ల నోటు వెనక ఉన్నది చర్చి మీద భక్తి కాదు. ఆ పలక మీదున్న నా పేరు.

ఇంగ్లీషువాళ్ళు పుట్టుకతో తెలివైనవాళ్ళని నేనడం లేదు. వాళ్ళూ ఇదే పని చేశారు, మనకంటే భారీగా. పందొమ్మిదో శతాబ్దంలో 'పునరుద్ధరణ' పిచ్చి పట్టి, పాత గోడల పూత గీకేసి, మధ్యలో చేరిన శతాబ్దాల పనంతా పీకేసి, తాము ఊహించుకున్న 'అసలు' రూపం కట్టేశారు. దాన్ని చూసి కడుపుమండి విలియమ్ మారిస్ అనే కవి 1877లో పాత కట్టడాల రక్షణకి ఒక సంఘం పెట్టాడు. ఆ సంఘానికి ముద్దుపేరు 'గీకుడు వ్యతిరేకులు'! ఆయన వాదం చిన్నది. పాతదాన్ని కొత్తగా చేయొద్దు, రోజూ కాస్త కనిపెట్టుకుని ఉండు, కారేచోట ఆపు, వాలేచోట ఊతం పెట్టు. పోగొట్టుకున్నాక నేర్చుకున్నారు వాళ్ళు. 1955 నుంచి ప్రతి చర్చినీ ఐదేళ్ళకోసారి ఆర్కిటెక్టు చేత పరీక్ష చేయించాలని నియమం. లోపల ఒక బల్ల శాశ్వతంగా తీసేయాలన్నా చర్చి వ్యవస్థ నుంచే అనుమతి తెచ్చుకోవాలి. మా లెక్కల మాస్టారు ఆ కాగితాల గురించి గంటసేపు తిట్టగలడు. తిట్టనీండి. ఆ కాగితాలుంటే మా ఊళ్ళో జేసీబీ ఒక్క రోజులో పని ముగించేది కాదు.

పద్ధతిగా చేయడం మనకి రాదా అంటే అదీ కాదు. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం 2006లో విప్పదీసి, మళ్ళీ పేర్చి 2024లో తెరిచారు. పద్దెనిమిదేళ్ళు పట్టింది, ఆలస్యమని తిట్టుకున్నాం. అయినా ఆ మండపం ఈరోజు నిలబడి ఉంది. గానుగ సున్నం, బెల్లం, కరక్కాయ నీళ్ళు కలిపి కట్టిన తాతలు మనవాళ్ళే. ఇక్కడి మేస్త్రీలూ అదే మాటంటారు. మెత్తటి పాతరాయి సందుల్లో సిమెంటు కూరితే చెమ్మ బయటికి పోలేక రాయినే తినేస్తుంది, సున్నమైతే ఊపిరి పీలుస్తుంది అని. రెండు దేశాల పాత గోడలకీ ఒకటే వైద్యం.

అందుకని, అమెరికాలోనో ఇంగ్లాండులోనో బెంగళూరులోనో కూర్చుని ఊరి గుడికో, చర్చికో, దర్గాకో డబ్బు పంపే నాలాంటి కుర్రాళ్ళకి ఒక విన్నపం. పంపే ముందు నాలుగంటే నాలుగు ప్రశ్నలు అడగండి.

ఒకటి, ఏం కూలుస్తున్నారు? రెండు, పాత రాతిపని తెలిసినవాళ్ళెవరైనా వచ్చి చూశారా, లేక స్లాబు మేస్త్రీయేనా? మూడు, శాసనాలూ అక్షరాలూ ఉంటే ముందుగా ఫోటోలు తీసి, పురావస్తు శాఖ వాళ్ళకి చూపించారా? నాలుగు, ప్రారంభోత్సవం అయిపోయిన మర్నాటి నుంచి కప్పు మీద ఆకులు ఊడ్చడానికి ఎంత పక్కన పెట్టారు? నాలుగో దానికి "అదేంటి?" అని ఎదురు ప్రశ్న వస్తే డబ్బు పంపకండి. కోపాలొస్తాయి, ఇంట్లో అమ్మ కూడా "ఊళ్ళో తల ఎత్తుకోలేం" అంటుంది. పర్లేదు, కొన్నాళ్ళకి ఎత్తుకోవచ్చు. పోయిన స్తంభాన్ని ఎత్తలేం.

కమిటీ పెద్దలకి కూడా ఒక మాట. దాతల పేర్లు రాయడం తప్పు కాదు, మనుషులం కదా, ఆశ ఉంటుంది. అయితే పలక మీద మొదటి వరస కారుతున్న కప్పుకి ఇచ్చినవాడికి ఇవ్వండి. "వాన గొట్టం దాత ఫలానా" అని బంగారు అక్షరాలతో రాయించండి. నవ్వుతారు, నవ్వనీండి. నాలుగేళ్ళు అలా రాస్తే గొట్టాలకీ క్యూ కడతారు.

నేను చర్చి డబ్బాలో నోట్లు వేయడం మానేశాను. నెలకి పది పౌండ్లు బ్యాంకు నుంచి వాటంతటవే వెళ్ళేలా పెట్టాను, ఒక చిన్న షరతుతో. ఇది కప్పుకి కాదు, గొట్టాలు శుభ్రం చేయించడానికి. లెక్కల మాస్టారు కళ్ళజోడు సవరించుకుని, దానికోసం పుస్తకంలో కొత్త పేజీ తెరిచాడు. ఆ పేజీలో ప్రస్తుతానికి ఒక్కటే పేరు.

రేపు శనివారం. మావా, ఇది చదువుతుంటే పొద్దున బస్సుకి రా. చందా ఇవ్వొద్దులే, కేకు తిను చాలు. తిట్టాలనుకుంటే మా ఊరి పలక ఫోటో చూపిస్తాను, దాన్ని చూసి తిట్టు. ఆ తిట్లు మాత్రం న్యాయంగా నాకే చెందుతాయి.